చిన్న కొట్టుకు సోషల్ మీడియా: మ్యాపులో గుర్తు నుంచి నెలాఖరు లెక్క దాకా

విజయవాడ వన్ టౌన్‌లో మాది చిన్న చేనేత బట్టల కొట్టు. మంగళగిరి నూలు చీరలు, డ్రెస్ ముక్కలు అమ్ముతాం. కొన్నేళ్ల క్రితం శ్రావణ మాసానికి ముందు నేను పెట్టిన ఒక రీల్‌ను వేల మంది చూశారు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. ఆ వారంలోనే గుంటూరు నుంచి ఒక పెద్దావిడ ఆ రీల్‌ను ఫోనులో పట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ కొట్టులోకి వచ్చారు. "ముప్పావు గంట నుంచి ఈ సందుల్లోనే తిరుగుతున్నానమ్మా. మ్యాపులో మీ కొట్టు పక్క వీధిలో చూపిస్తోంది, ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు" అన్నారు. ఆవిడ ఓపిక గల మనిషి కాబట్టి వచ్చారు. ఓపిక లేక వెనక్కి వెళ్లిపోయినవాళ్లు ఎందరో నాకు తెలియదు.

ఆ రోజు నుంచి మా పద్ధతి మార్చుకున్నాం. నలుగురి నోళ్లలో నానడం తర్వాతి సంగతి, ముందు వెతికేవాళ్లకు దొరకాలి, అడిగినవాళ్లకు జవాబు చెప్పాలి. కింద రాసిన క్రమం కూడా అదే. రీల్స్ నాలుగో అడుగులో వస్తాయి. వాటి కోసం ముందుకు దూకవద్దని నా మనవి.

మొదటి అడుగు: కౌంటరు మీద నోటు పుస్తకం

ఫోను తెరవక ముందు ఒక నోటు పుస్తకం కొనండి. రెండు వారాల పాటు కొట్టుకు వచ్చిన ప్రతి ఒక్కరినీ మూడు సంగతులు అడిగి రాసుకోండి: ఏ ప్రాంతం నుంచి వచ్చారు, మన గురించి ఎలా తెలిసింది, కొంటున్నది ఏ అవసరానికి. బేరం కుదిరి సంచీలో సర్దుతున్నప్పుడు అడిగితే ఎవరూ విసుక్కోరు.

మా పుస్తకం మా అంచనాను తలకిందులు చేసింది. పెళ్లిళ్లకు, పేరంటాలకు కొనేవాళ్లే ఎక్కువని నేను అనుకునేదాన్ని. తీరా చూస్తే బడికి, బ్యాంకుకు, ఆఫీసుకు రోజూ కట్టుకునే నూలు చీరల కోసం వచ్చినవాళ్లే ఎక్కువ. పటమట, భవానీపురం, తాడేపల్లి వైపు నుంచి వస్తున్నారు. వాళ్ల ప్రశ్నలు వేరు: రంగు పోతుందా, ప్రతిసారీ గంజి పెట్టాలా, ఇస్త్రీ లేకుండా కట్టుకోవచ్చా. ఆ ప్రశ్నలే తర్వాత మా వీడియోలయ్యాయి.

పుస్తకం నిండాక ఒక్క వాక్యం రాసుకోండి: ఏం అమ్ముతాం, ఎవరికి, ఎంత దూరం వరకు. గుంటూరు బ్రాడీపేటలో టిఫిన్ సెంటరుకు మూడు కిలోమీటర్ల లోపు మనుషులే లోకం, హైదరాబాద్‌లో పదివేల మంది చూసినా ఒక్క ఇడ్లీ అమ్ముడుపోదు. అదే బ్రాడీపేటలో ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే మా వదినకు హైదరాబాద్, బెంగళూరుల్లో స్థిరపడిన తెలుగువాళ్లే ముఖ్యం, కొరియర్ చేరినంత మేరా ఆవిడ కొట్టే. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డుకు సరదా రీల్స్ కంటే పని తీరు వివరంగా చూపే యూట్యూబ్ వీడియో మేలు, లారీ యజమాని నిదానంగా చూసి గాని డబ్బు పెట్టడు. ఏ మాధ్యమం ఎంచుకోవాలో ఆ ఒక్క వాక్యమే చెబుతుంది. అన్నింటిలోనూ ఖాతాలు తెరిచి అన్నింటినీ పాడుబెట్టడం కంటే రెండింటిని చక్కగా నడపడం నయం.

రెండో అడుగు: మ్యాపులో మీ గుర్తు

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ ఉచితం. 2021 వరకు దీన్ని గూగుల్ మై బిజినెస్ అనేవారు. "దగ్గరలో మంగళగిరి చీరలు" అని ఎవరైనా వెతికితే మ్యాపుతో పాటు వచ్చే వివరాలు ఇక్కడివే.

కొట్టు పేరు బోర్డు మీద ఎలా ఉందో అలాగే రాయండి. పేరు పక్కన "విజయవాడలో అతి తక్కువ ధరల చీరలు" లాంటి తోక తగిలించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం, ప్రొఫైల్‌ను నిలిపివేసే ప్రమాదం ఉంది. గుర్తును సరిగ్గా మీ గుమ్మం మీదకు జరపండి. వన్ టౌన్ సందుల్లో ఇరవై అడుగుల తేడా అంటే వేరే వీధి. చిరునామాలో తలుపు నంబరుతో ఆగకుండా పక్కనున్న గుడో, బ్యాంకో కూడా రాయండి. మనవాళ్లు అడిగి వచ్చేది ఆ గుర్తులతోనే కదా.

ఆ వ్యాపారం మీదేనని గూగుల్ రుజువు అడుగుతుంది. చాలా సార్లు వీడియో తీయమంటుంది. వీధి, బోర్డు, మీరు తాళం తీసి లోపలికి వెళ్లడం, లోపలి సరుకు, ఇవన్నీ ఎక్కడా ఆపకుండా ఒకే వీడియోలో రావాలి. తెల్లవారుజామున జనం లేనప్పుడు తీస్తే సులువు.

వేళలు రాసి మరిచిపోవద్దు. దసరా నవరాత్రుల్లో ఇంద్రకీలాద్రికి వచ్చే భక్తులతో వన్ టౌన్ దారులు మళ్లిస్తారు. ఆ పది రోజులూ ఏ దారి తెరిచి ఉందో, బండి ఎక్కడ నిలుపుకోవచ్చో మేము రోజూ ఉదయం ప్రొఫైల్‌లోనూ వాట్సాప్ స్టేటస్‌లోనూ పెడతాం. మేము పెట్టినవాటిలో జనం మళ్లీ మళ్లీ ఎదురుచూసేది ఆ నాలుగు వాక్యాల కబురే.

సమీక్షలు అడిగి రాయించుకోవడంలో తప్పు లేదు. కాని రాసినందుకు తగ్గింపు ఇవ్వడం, బంధువుల చేత రాయించడం వద్దు. గూగుల్ ఒప్పుకోదు, చదివేవాళ్లూ ఇట్టే పసిగడతారు. ఎవరైనా తప్పు చూపితే వాదించకండి. జరిగింది ఒప్పుకుని, సరిదిద్దింది రాయండి. ఆ జవాబు ఫిర్యాదు చేసినవారి కోసం మాత్రమే కాదు, రేపు చదవబోయే వంద మంది కోసం.

మూడో అడుగు: వాట్సాప్ బిజినెస్

2018లో వచ్చిన ఈ యాప్ కూడా ఉచితమే. కొట్టు కోసం వేరే నంబరు తీసుకోండి. సొంత నంబరుతో నడిపితే పెళ్లి ఫొటోల మధ్య ఆర్డర్లు కలిసిపోతాయి.

క్యాటలాగ్‌లో 500 వరకు వస్తువులు పెట్టుకోవచ్చు, కాని ముప్పైతో మొదలుపెట్టండి. ప్రతిదానికీ ధర, కొలత, రంగు రాయాలి. చీర అయితే జాకెట్టు ముక్క ఉందో లేదో చెప్పాలి. అమ్ముడుపోయినవి ఆ రాత్రే తీసేయాలి. లేని సరుకు చూపించి ఆశపెట్టడం కంటే చెడ్డపేరు మరొకటి లేదు.

రోజూ అడిగే ప్రశ్నలకు సిద్ధంగా జవాబులు దాచుకునే ఏర్పాటు ఉంది. కొరియర్ ఖర్చు, మార్చుకునే గడువు, కొట్టుకు దారి, ఈ మూడూ ముందే రాసి పెట్టుకోండి. లేబుళ్లు తప్పక వాడండి: కొత్త ఆర్డరు, డబ్బు రావాలి, డబ్బు అందింది, పంపించాం. మా వదిన మొదటి వేసవి ఆవకాయ ఆర్డర్లను జ్ఞాపకం మీదే నడిపింది. ఒకరి గోంగూర మరొకరికి వెళ్లింది. రెండో వేసవికి లేబుళ్లు పెట్టుకున్నాక అలాంటి పొరపాటు మళ్లీ జరగలేదు.

ఒకేసారి చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ సందేశాలు మీ నంబరును తమ ఫోనులో భద్రపరచుకున్నవాళ్లకే చేరతాయి. కాబట్టి బిల్లు ఇస్తున్నప్పుడే, "కొత్త సరుకు వచ్చినప్పుడు కబురు పెట్టమంటారా?" అని అడగండి. సరేనంటే మీ ఎదుటే వాళ్ల ఫోనులో మీ నంబరు భద్రపరచుకోమనండి. అడగనివాళ్లను గ్రూపుల్లో చేర్చవద్దు. నెలకు రెండు మూడు సందేశాలు చాలు. అంతకు మించి పంపితే మీ నంబరును ఆపేస్తారు, ఒకసారి ఆపేస్తే తిరిగి రారు.

స్టేటస్ విలువను చాలామంది తక్కువగా చూస్తారు. నా అనుభవంలో ఇరవై నాలుగు గంటలు ఉండే ఆ చిన్న ఫొటో, నెలంతా ఉండే ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కంటే ఎక్కువ చీరలు అమ్మింది. చూసేవాళ్లు ఇప్పటికే మనల్ని నమ్మినవాళ్లు కావడమే కారణం.

నాలుగో అడుగు: ఫొటో, వీడియో

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోయేదీ వచ్చేదీ ఇక్కడే.

ఫొటోలో చూసిన రంగు, పార్సిల్ విప్పితే కనిపించే రంగు ఒకటి కాకపోతే చీర వెనక్కి వస్తుంది, రెండు వైపులా కొరియర్ ఖర్చు మనదే. ట్యూబులైటు కింద తీసిన వంకాయ రంగు నీలంగా కనిపిస్తుంది, ఆకుపచ్చ పాలిపోతుంది. పగటి వెలుగులో తీయండి. మధ్యాహ్నం మండుటెండ కాదు, ఉదయం తొమ్మిది, పది మధ్య గుమ్మం దగ్గర నీడలో పడే వెలుగు. ఫిల్టర్లు వాడకండి. ఫోను కెమెరా అద్దాన్ని మెత్తని గుడ్డతో తుడవండి. సగం మసక ఫొటోలకు కారణం ఆ జిడ్డే.

ఒక చీరకు కనీసం నాలుగు ఫొటోలు ఉండాలి: పూర్తిగా పరిచినది, అంచు దగ్గరగా, కొంగు, కట్టుకున్నప్పుడు. మంగళగిరి చీరకు అందం ఒంటి నిండా బొమ్మల్లో కాదు, సాదా ఒంటి మీద తీర్చిన జరీ అంచులో ఉంటుంది. ఆ నిజాం అంచు కోణాలు స్పష్టంగా కనిపించేంత దగ్గరగా తీయకపోతే మరమగ్గం చీరకూ దీనికీ తేడా ఫోనులో తెలియదు. కట్టుకున్న ఫొటోకు మోడల్ అక్కర్లేదు. మా అత్తగారు కట్టుకున్నదే ఎక్కువ నమ్మకం కలిగించింది.

ధర రాయండి. "ధరకు మెసేజ్ చేయండి" అని పెట్టే అలవాటు నాకు అసలు నచ్చదు. అడగడానికి మొహమాటపడే మనిషి అడగకుండానే వెళ్లిపోతుంది. అడిగినవాళ్లలో సగం మంది ధర విని ఆగిపోతే మీ సాయంత్రం జవాబులతోనే గడిచిపోతుంది.

ఇక వీడియో. 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించాక, జులైలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ మన దేశంలో మొదలయ్యాయి. మనల్ని అనుసరించనివాళ్ల దాకా కూడా ఇవి వెళతాయి. నిలువుగా తీయండి. మొదటి రెండు మూడు క్షణాల్లోనే సంగతి తెలియాలి. "నమస్కారం, మా కొట్టుకు స్వాగతం" అని మొదలుపెడితే ఆ నమస్కారం పూర్తయ్యే లోపు చూసేవాళ్లు పైకి తోసేస్తారు. "ఈ చీర రంగు పోతుందో లేదో ఇప్పుడే ఉతికి చూద్దాం" అని బకెట్‌లో ముంచండి, చివరి దాకా చూస్తారు. మాటలను తెలుగు అక్షరాల్లోనూ కింద వేయండి. బస్సులో, ఆఫీసులో శబ్దం లేకుండా చూసేవాళ్లు చాలామంది.

ఏం తీయాలో తోచకపోతే పని జరిగే చోటికి వెళ్లండి. గుంట మగ్గంలో నేత కార్మికుడి కాళ్లు, చేతులు ఎలా కలిసి కదులుతాయో చూపిన ఇరవై క్షణాల వీడియోకు నేను ఒక్క మాట కూడా జోడించలేదు. ఆ వారం ఫోను చేసినవాళ్లు ధర తగ్గించమని అడగలేదు. మా వదిన మిర్చికి తొడిమలు తీయడం, కారం మరలో పట్టించడం, ముక్కలు తుడిచి నీడన ఆరబెట్టడం, జాడీలో నూనె పోయడం విడివిడిగా తీస్తుంది. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లయితే తెల్ల పొణికి చెక్కను చెక్కడం నుంచి రంగు వేయడం దాకా ఎన్ని వీడియోలైనా దొరుకుతాయి. అయితే పనిచేసేవాళ్ల అనుమతి అడిగే తీయాలి, వాళ్ల పేరు చెప్పడం ఇష్టమైతే చెప్పాలి.

సినిమా పాట జోడించే ముందు ఆగండి. సొంత ఖాతాకు దొరికే పాటలన్నీ వ్యాపార ఖాతాకు దొరకవు, హక్కులు లేని పాట వాడితే వీడియో మూగబోవచ్చు. మగ్గం చప్పుడు, పోపు చిటపటలు చాలు.

వారానికి మూడు వీడియోలు ఆరు నెలలు పెట్టగలిగితే మంచిది. రోజుకు రెండు చొప్పున పదిహేను రోజులు పెట్టి అలిసిపోయినవాళ్లను చాలామందిని చూశాను. మంగళవారం మధ్యాహ్నం బేరాలు పలచగా ఉంటే ఆ రోజే వారానికి సరిపడా తీసి పెట్టుకోండి.

ఐదో అడుగు: పంచాంగం చూసి పోస్టు

మన వ్యాపారాలు పంచాంగంతో నడుస్తాయి, పోస్టులూ అలాగే నడవాలి. వరలక్ష్మీ వ్రతం చీరలు శ్రావణం వచ్చాక చూపిస్తే ఆలస్యమే. జాకెట్టు కుట్టించుకోవడానికి దర్జీ దగ్గర పట్టే రోజులు కూడా లెక్కేసి, మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టాలి. మూఢంలో పెళ్లి సరుకు మీద ప్రకటన ఖర్చు దండగ, ఆ రోజుల్లో రోజువారీ చీరలు చూపండి. ఆవకాయ ఆర్డర్లు మామిడికాయలు మార్కెట్‌కు రాకముందే తీసుకుంటే ఎన్ని కాయలు కొనాలో మీకే తెలుస్తుంది.

ఆరో అడుగు: ప్రకటన మీద డబ్బు

పై ఐదూ కనీసం రెండు నెలలు చేసిన తర్వాతే దీని జోలికి రండి. మ్యాపులో తప్పు గుర్తు ఉన్న కొట్టుకు ప్రకటన ఇవ్వడం చిల్లికుండలో నీళ్లు పోయడమే.

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు కింద కనిపించే, డబ్బు కడితే ఎక్కువ మందికి చూపించే బూస్ట్ మీట సులువు, కాని ఎవరికి చూపాలి, ఏ ఫలితం కోసం చూపాలి అన్నది ఆ రెండింటికీ ప్రకటనలు పెట్టే యాడ్స్ మేనేజర్‌లో ఇంకా వివరంగా ఎంచుకోవచ్చు. చిన్న కొట్టుకు పనికొచ్చే లక్ష్యం ఒక్కటే: ప్రకటన నొక్కగానే వాట్సాప్‌లో మనతో మాట మొదలవ్వాలి. లైకుల కోసం డబ్బు కట్టకండి. ప్రాంతం "ఆంధ్రప్రదేశ్" అని వదిలేయకుండా మీ కొట్టు చుట్టూ ఎన్ని కిలోమీటర్లో గీసుకోండి. ఒకే సరుకుకు రెండు వేర్వేరు వీడియోలతో, ఐదు రోజులు, రోజుకు 200 రూపాయలతో పరీక్షించండి. ఏది ఎక్కువ సందేశాలు తెచ్చిందో చూసి రెండోది ఆపేయండి.

లెక్క ఇలా వేయాలి. ప్రకటనకు 1,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 1,180 అయిందనుకుందాం. నలభై మంది అడిగారు, ఐదుగురు కొన్నారు. అంటే ఒక్కో అమ్మకానికి 236 రూపాయలు. చీర మీద మీకు మిగిలేది 300 అయితే చేతికి వచ్చేది 64. ఇది నష్టం కాదు, అలాగని గొప్ప లాభమూ కాదు. ఆ ఐదుగురిలో ఇద్దరు దసరాకు మళ్లీ వస్తే అప్పుడు ఆ ప్రకటన ఫలించినట్టు. ఒక్కో అమ్మకానికి 300 దాటుతుంటే ప్రకటన ఆపి, అడిగిన నలభై మందిలో ముప్పై ఐదుగురు ఎందుకు కొనలేదో సందేశాలు మళ్లీ చదవండి. మా విషయంలో కారణం రెండుసార్లు ఒకటే: మేము జవాబు ఇచ్చేసరికి మర్నాడైంది.

ఫుడ్ వీడియోలు తీసేవాళ్లో, షాపింగ్ వీడియోలు తీసేవాళ్లో మీ దగ్గరికి వస్తే ఫాలోవర్ల సంఖ్య కాకుండా, వాళ్లను చూసేవాళ్లు ఏ ఊళ్లవాళ్లో తమ ఖాతాలో చూపమనండి. డబ్బు తీసుకుని చేసిన వీడియో అయితే ఆ సంగతి అందులో చెప్పాలి. ప్రకటన రంగ స్వయం నియంత్రణ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాలు అదే చెబుతున్నాయి.

ఏడో అడుగు: తాళంచెవులు మీ దగ్గరే

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్న పాఠం. మొదట్లో మా పేజీని చూసిపెట్టే పనిని ఒకరికి అప్పగించాం. ఖాతా వాళ్ల ఫోను నంబరుతో, వాళ్ల మెయిలుతోనే తెరిచారు. ఏడాది తర్వాత మాట తేడా వచ్చి విడిపోయినప్పుడు పేజీ మా చేతికి రాలేదు. ఏడాది ఫొటోలు, వాటి కింద జనం రాసిన మంచి మాటలు అన్నీ పోయాయి. ఎవరికి పని అప్పగించినా ఖాతా మీ నంబరుతో ఉండాలి. పాస్‌వర్డు ఇవ్వకుండా ఫేస్‌బుక్ పేజీలో వాళ్లకు పని మేరకే అనుమతి ఇవ్వవచ్చు. ప్రతి ఖాతాకూ రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. ఓటీపీ ఎవరు అడిగినా చెప్పవద్దు.

డబ్బు అందిందన్న స్క్రీన్‌షాట్ చూసి సరుకు పంపకండి, మీ బ్యాంకు ఖాతాలో జమ అయిందో లేదో చూడండి. "డబ్బు పంపుతాను, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది మోసమే, యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు. మోసపోతే క్షణం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను చేయండి.

తినే సరుకు అమ్మేవాళ్లు, ఇంట్లో చేసినా సరే, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకుని ఆ 14 అంకెల సంఖ్యను సీసా మీద వేయాలి. ఫొటోలో ఆ సంఖ్య, తయారైన తేదీ కనిపించేలా పెట్టండి. బెంగళూరులో ఉన్న తల్లి తన పిల్లలకు పెట్టే పచ్చడి కొనే ముందు అదే చూస్తుంది.

నెలాఖరున

ఆ పాత నోటు పుస్తకం మళ్లీ తెరవండి. నెల చివరి రోజు కొట్టు కట్టేశాక నాలుగు అంకెలు రాయండి: ఎంతమంది అడిగారు, ఎంతమంది కొన్నారు, అందులో మళ్లీ వచ్చిన పాతవాళ్లు ఎందరు, ప్రకటనకు ఎంత అయింది. గూగుల్ ప్రొఫైల్‌లో ఎంతమంది దారి అడిగారో, ఎంతమంది ఫోను చేశారో కూడా కనిపిస్తుంది, పక్కనే రాసుకోండి. మూడు నెలలు వరుసగా ఒక మాధ్యమం నుంచి ఒక్క కొనుగోలూ లేకపోతే దాన్ని వదిలేయండి. మేము ఫేస్‌బుక్ గ్రూపుల్లో పోస్టులు అలాగే మానేశాం. ఆ సమయాన్ని సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది వరకు వాట్సాప్ జవాబులకు మార్చాం. ఆ గంటలో కౌంటరు దగ్గర మా ఆయన ఉంటారు, ఫోను నా చేతిలో ఉంటుంది. మొదట్లో దారి దొరక్క తిరిగిన గుంటూరు పెద్దావిడ ఇప్పుడు ఆ వేళకే సందేశం పెడతారు. పోయిన వారం వాళ్ల వియ్యపురాలికి రెండు చీరలు అడిగారు, ఒకటి ఆవాల రంగు, ఒకటి నెమలికంఠం రంగు.